వార్డు లేని ఊరు

మా పెద్దమ్మకి ఓటంటే పండగ. జంషెడ్‌పూర్ కదమాలో ఆమె కాపురం పెట్టి యాభై ఏళ్లు కావొస్తోంది. 1980లో మొదటిసారి వేలికి సిరా పూయించుకుంది. అప్పట్నుంచి పార్లమెంటుకి గానీ అసెంబ్లీకి గానీ జరిగిన ఏ ఎన్నికనీ వదల్లేదు. నెలల పసిగుడ్డుని పక్క క్వార్టర్‌లో బెంగాలీ ఆవిడ ఒళ్లో పెట్టి వెళ్లి, వరసలో నిలబడి ఓటేసి వచ్చానని ఇప్పటికీ చెబుతుంది. ఈలోపు కాగితం పోయి మిషను వచ్చింది. బిహార్ పోయి జార్ఖండ్ వచ్చింది. ఆవిడ మాత్రం ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, జరీ అంచు చీర కట్టుకుని బయల్దేరడం మానలేదు.

ఆమె చెల్లెలు, అంటే మా పిన్ని, టెక్కలి దగ్గర ఓ పల్లెలో ఉంటుంది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు సర్పంచి పదవులు ఆడవాళ్లకు కేటాయించి పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడు ఆ ఊరు కోటాలో పడింది. పిన్ని నిలబడింది, గెలిచింది, అయిదేళ్లు సర్పంచిగా చేసింది.

ఒక సంక్రాంతి వెళ్లాక పిన్ని టాటా వచ్చింది. మావాళ్లెవరూ జంషెడ్‌పూర్ అనరు, టాటా అనే అంటారు. సాయంత్రం వరండాలో కూర్చుని అక్కచెల్లెళ్లు మాట్లాడుకుంటున్నారు. వీధి చివర దీపం వెలగలేదని పెద్దమ్మ అంది.

"అప్పా, మీ ఈదికి మెంబరెవులే?" అనడిగింది పిన్ని.

"మెంబరేటి? ఇక్కడ మెంబర్లుండరు. అంతా కంపినీయే సూసుకుంతాది."

"సూడకపోతే?"

"ఫోన్ సేస్తాం. ఒస్తారు."

"ఒస్తార్లే. ఒచ్చినోడు నీకు జవాబు సెప్పాల్సిన పన్నేదు గదా."

పెద్దమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి లేచి టీ పెట్టడానికి వెళ్లింది. నలభై అయిదేళ్లుగా ఓటేస్తున్న మనిషి తన వీధి కోసం ఒక్కసారీ ఓటెయ్యలేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆమెకీ తట్టి ఉండదు.

అసలు ఊరు ఎవరిది?

సాక్చి అనే పల్లె దగ్గర, సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట 1908లో ఉక్కు కర్మాగారం కట్టడం మొదలుపెట్టారు. 1912లో మొదటి ఉక్కు దిమ్మె బయటికొచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. రోడ్లు, నీళ్లు, ఆసుపత్రి, బడి, పార్కు అన్నీ కంపెనీ వేసింది. ఇక్కడి కార్మికులకు 1912 నుంచే ఎనిమిది గంటల పని ఉంది. 1928లోనే ప్రసూతి సాయం మొదలైంది. దేశంలో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది 1961లో. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్లు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారంటే ఆ భరోసా చూసే. మా పెద్దనాన్న కూడా అలా వచ్చినవాడే. ఆ కంపెనీ మంచితనాన్ని నేను తక్కువ చెయ్యను. మా ఇంటి అన్నం అది.

1924లో ఇక్కడ నోటిఫైడ్ ఏరియా కమిటీ ఏర్పడింది. వందేళ్లు దాటినా జంషెడ్‌పూర్ అసలు పట్టణానికి ప్రజలు ఎన్నుకున్న పురపాలక సంఘం లేదు. కౌన్సిలర్ లేడు, కౌన్సిలరమ్మ లేదు, మేయరు లేడు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చి పట్టణాల్లో కనీసం మూడో వంతు వార్డులు స్త్రీలకు ఇవ్వాలంది. అదే సవరణలో 243క్యూ అధికరణ కింద ఒక మినహాయింపు కూడా ఉంది. ఒక పరిశ్రమ తానే పౌరసేవలు అందిస్తున్న చోటును గవర్నరు పారిశ్రామిక పట్టణంగా ప్రకటించవచ్చు. అక్కడ పురపాలక సంఘం పెట్టనక్కర లేదు. జంషెడ్‌పూర్‌ని ఏం చెయ్యాలన్న వ్యాజ్యం 1980ల చివర నుంచి కోర్టుల్లో నలిగింది. 2023 చివర్లో జార్ఖండ్ ప్రభుత్వం దీన్ని పారిశ్రామిక పట్టణం చేసింది. పాలనకు ఒక కమిటీ ఉంటుంది. దాని సభ్యులను మా పెద్దమ్మ ఎన్నుకోదు.

ఇందులో ఆడవాళ్లకు ప్రత్యేకంగా వచ్చిన నష్టమేమిటని ఎవరైనా అడగొచ్చు. మగవాళ్లకూ వార్డు లేదు కదా. నిజమే. అయితే మగవాడికి ఈ ఊళ్లో రాజకీయం నేర్చుకునే చోట్లు వేరే ఉన్నాయి. కార్మిక సంఘం ఉంది. 1928 సమ్మెనాడు సుభాష్ చంద్రబోస్ వచ్చి నాయకత్వం తీసుకున్నది ఇక్కడి కార్మిక సంఘానికే. షిఫ్టు గేటు దగ్గర మీటింగులు, టీ బడ్డీ దగ్గర వాదనలు, సంఘం ఎన్నికల్లో ప్యానెళ్లు ఉంటాయి. అక్కడ మాట్లాడటం నేర్చినవాడు ఎమ్మెల్యే టికెట్ అడగగలడు. రఘుబర్ దాస్ ఇదే ఉక్కు కర్మాగారంలో పనిచేసి, ముఖ్యమంత్రి దాకా వెళ్లాడు. ఆడవాళ్లకు ఆ గేటు చాలాకాలం తెరుచుకోలేదు. తొలి రోజుల్లో తట్టలు మోసిన రేజాలు, అంటే ఆడ కూలీలు ఉండేవారు. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి షిఫ్టులో స్త్రీలను వద్దంది. షిఫ్టుల మీద నడిచే ఊళ్లో రాత్రి షిఫ్టు వద్దంటే పెద్ద కొలువులు చాలావరకు వద్దన్నట్టే. క్వార్టరు మగవాడి ఉద్యోగం మీద వస్తుంది, అతని రిటైర్మెంటుతో పోతుంది. అలాంటి ఊళ్లో ఆడదానికి రాజకీయాల్లో మొదటి అడుగు పెట్టడానికి వార్డే దారి. అదే ఇక్కడ లేదు.

రాయిరంగ్‌పూర్ దారి

జంషెడ్‌పూర్ నుంచి హాతా చౌక్ మీదుగా తిరింగ్ వైపు వెళ్లే రోడ్డు పట్టుకుంటే ఒడిశా సరిహద్దు దాటి రాయిరంగ్‌పూర్ వస్తుంది. రెండు మూడు గంటల ప్రయాణం. జంషెడ్‌పూర్‌లో ఒక పేట ముందు పెట్టినా చిన్నగా కనబడే ఊరు. అయినా అక్కడ పురపాలక సంఘం ఉంది. 1997లో మహిళలకు కేటాయించిన ఒక వార్డు నుంచి ఒక సంతాలీ స్త్రీ కౌన్సిలర్‌గా గెలిచింది. అప్పటిదాకా బళ్లో పాఠాలు చెప్పుకునేది, అంతకుముందు నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగం. 2000లో ఎమ్మెల్యే, ఆ వెంటనే ఒడిశాలో మంత్రి. 2015లో జార్ఖండ్‌కి తొలి మహిళా గవర్నరు. 2022 జులై 25న ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది.

టీవీలో ఆ ప్రమాణం చూస్తూ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. నాకూ గొంతు పట్టేసింది. ఆ రోజు అందరూ రాష్ట్రపతి భవన్ గురించే మాట్లాడుకున్నారు. నా మనసు మాత్రం ఆ వార్డు చుట్టూ తిరిగింది. ఆ ఊరికి వార్డు ఉంది కాబట్టి, ఆ వార్డు ఆడవాళ్లదని చట్టం అంది కాబట్టి, ఒక బడిపంతులమ్మ గడప దాటింది. అదే మనిషి సరిహద్దుకి ఇవతల, ఎన్నో రెట్లు పెద్దదైన ఈ ఊళ్లో పుట్టి ఉంటే 1997లో దేనికి నిలబడేది? ఈ ప్రశ్నకు జవాబు నాకు దొరకలేదు.

ఢిల్లీకి వెళ్లినవాళ్లు

మొదటి మెట్టు లేని చోట పైమెట్టు మీదికి ఆడవాళ్లు ఎలా వచ్చారో జంషెడ్‌పూర్ లోక్‌సభ స్థానం చరిత్రలో కనిపిస్తుంది. ఇక్కడ గెలిచిన స్త్రీలు ఇద్దరు. 1998, 1999 ఎన్నికల్లో బీజేపీ తరఫున ఆభా మహతో గెలిచారు. ఆమె భర్త శైలేంద్ర మహతో అంతకుముందు ఇదే స్థానానికి జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీ. 2004లో జేఎంఎం అభ్యర్థి సునీల్ మహతో చేతిలో ఆమె ఓడిపోయారు. 2007 మార్చి 4న ఘాట్‌శిలా దగ్గర బాఘురియాలో ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్లిన సునీల్ మహతోని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ ఏడే ఉప ఎన్నిక. ఆయన భార్య సుమన్ మహతో నిలబడి గెలిచారు. 2009లో మాజీ ముఖ్యమంత్రి అర్జున్ ముండా చేతిలో ఓడారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఈ స్థానం నుంచి మరో స్త్రీ పార్లమెంటుకి వెళ్లలేదు.

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్త కాదు. 2005 జనవరిలో పరిటాల రవి హత్య, ఆ ఏడే పెనుకొండ ఉప ఎన్నికలో పరిటాల సునీత గెలుపు. అప్పటిదాకా ఇంటి గుమ్మం దగ్గర కనబడిన మనిషి వేదిక ఎక్కి, రాప్తాడు నుంచి మళ్లీ మళ్లీ గెలిచి మంత్రి అయ్యారు. వైఎస్ పోయాక పులివెందులలో విజయమ్మ, శోభా నాగిరెడ్డి పోయాక ఆళ్లగడ్డలో అఖిలప్రియ. చావు తలుపు తీస్తే గానీ ఆడవాళ్లు లోపలికి రాలేని పరిస్థితి మన దగ్గరా ఉంది.

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఆ తలుపులు మరీ ఎక్కువ. పక్కనే సింగ్‌భూమ్ స్థానంలో 2024లో జోబా మాంఝీ గెలిచారు. ఆమె భర్త దేవేంద్ర మాంఝీ అడవి హక్కుల కోసం పోరాడిన నాయకుడు, 1994లో హత్యకు గురయ్యాడు. 1995లో ఆమె మనోహర్‌పూర్ ఎమ్మెల్యే అయ్యారు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ గెలిచారు, జార్ఖండ్ తొలి మంత్రివర్గంలో కూర్చున్నారు. ఆమె చేతిలో ఓడింది గీతా కోడా, మాజీ ముఖ్యమంత్రి మధు కోడా భార్య. ఈచాగఢ్ ఎమ్మెల్యే సబితా మహతో మాజీ ఉప ముఖ్యమంత్రి సుధీర్ మహతో సతీమణి. ఆయన 2014లో మరణించాడు. ఆయన అన్న నిర్మల్ మహతోని 1987 ఆగస్టు 8న ఇదే జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో కాల్చి చంపారు. 2024లో జంషెడ్‌పూర్ తూర్పు నుంచి పూర్ణిమా దాస్ సాహు గెలిచారు. ఆమె రఘుబర్ దాస్ కోడలు. పోట్కాలో అదే ఎన్నికలో ఓడిన మీరా ముండా అర్జున్ ముండా భార్య. గాండేయ్ నుంచి గెలిచిన కల్పనా సోరెన్, భర్త హేమంత్ సోరెన్ 2024 జనవరి 31న అరెస్టయ్యాకే జనం ముందుకు వచ్చారు.

వీళ్లెవరినీ చిన్నబుచ్చడానికి ఈ పేర్లు చెప్పడం లేదు. భర్త రక్తం ఆరకముందే మైకు పట్టుకుని నిలబడటానికి కావలసిన గుండె నిబ్బరం నాకైతే లేదు. జోబా మాంఝీ ముప్పై ఏళ్ల రాజకీయ జీవితాన్ని ఒక చావుకి అంటగట్టడం అన్యాయం. గొడవ వాళ్లతో కాదు. తాళం చెవి ఒక్క ఇంటి గుత్తిలోనే ఉంటోంది, అదే బాధ. పోట్కా నుంచి మూడుసార్లు గెలిచిన మేనకా సర్దార్‌ని పరిచయం చెయ్యడానికి ఫలానా ఆయన భార్య అని మొదలుపెట్టనక్కర లేదు. ఈ ప్రాంతంలో అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2024లో జార్ఖండ్ శాసనసభలోని 81 మందిలో 12 మంది స్త్రీలు గెలిచారు. జంషెడ్‌పూర్ లోక్‌సభ స్థానం కింద ఉన్న ఆరు అసెంబ్లీ సీట్లలో ఒక్కటి స్త్రీది.

సముద్రం అవతల

ఇదే కథ తూర్పున సముద్రం దాటితే ఇంకా పెద్ద తెర మీద కనబడుతుంది. ఫిలిప్పీన్స్‌లో 1983 ఆగస్టు 21న బెనిగ్నో అకీనోని మనీలా విమానాశ్రయంలోనే కాల్చేశారు. మామూలు గృహిణినని చెప్పుకున్న ఆయన భార్య కొరజాన్ 1986లో మార్కోస్ నియంతృత్వాన్ని కూలదోసి అధ్యక్షురాలైంది. ఇండొనేషియాలో అధ్యక్షురాలైన మెగావతి, తొలి అధ్యక్షుడు సుకర్ణో కూతురు. బర్మాలో ఆంగ్ సాన్ సూకీ, దేశానికి స్వాతంత్ర్యం తేబోయి హత్యకు గురైన ఆంగ్ సాన్ కూతురు. థాయిలాండ్‌లో 2011లో ప్రధాని అయిన యింగ్‌లక్, మాజీ ప్రధాని థక్సిన్ చెల్లెలు. 2024లో ప్రధాని అయిన పైతోంగ్తాన్ ఆయన కూతురు, ఏడాది తిరిగేసరికి కోర్టు తీర్పుతో పదవి పోయింది. అమెరికా ఇప్పటిదాకా ఒక స్త్రీని అధ్యక్షురాలిని చెయ్యలేదు, ఆగ్నేయాసియా ఎన్నిసార్లో చేసిందని గర్వంగా చెబుతుంటారు. బాఘురియా ఫుట్‌బాల్ మైదానాన్నీ మనీలా విమానాశ్రయాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ గర్వం కొంచెం తగ్గుతుంది.

అయినా అక్కడ మనం నేర్చుకోవలసింది ఉంది. ఇండొనేషియా సింహాసనం సంగతి అలా ఉంచి అభ్యర్థుల జాబితా మీద పడింది. 2003లో పార్టీలు 30 శాతం స్త్రీలను నిలబెట్టాలని చట్టంలో సూచన పెట్టారు. పార్టీలు స్త్రీల పేర్లు జాబితా అడుగున తోసేశాయి. 2008లో ప్రతి ముగ్గురు పేర్లలో ఒకటి స్త్రీది ఉండాలని బిగించారు. 1999లో పదో వంతు కూడా లేని స్త్రీలు ఇప్పుడు ఆ పార్లమెంటులో అయిదో వంతు దాటారు. చిన్న దేశం తైమూర్ లెస్తే ఇంకో అడుగు వేసి, జాబితాలో ప్రతి మూడో పేరూ స్త్రీది కాకపోతే ఆ జాబితానే ఒప్పుకోమంది. అక్కడ పార్లమెంటులో మూడో వంతుకి పైగా స్త్రీలే. వియత్నాంలో 2021లో ఎన్నికైన 499 మందిలో 151 మంది స్త్రీలున్నారు. కానీ అక్కడ ఒకటే పార్టీ, నిర్ణయాలు వేరే గదిలో జరుగుతాయి. అంకె పెరిగితే గొంతు పెరిగినట్టు కాదన్న హెచ్చరిక అది. మన లోక్‌సభలో 2024లో గెలిచిన స్త్రీలు 543 మందిలో 74.

ముద్ర కొంగున కట్టుకున్న పిన్ని

మళ్లీ మా పిన్ని దగ్గరికి వస్తాను. ఎందుకంటే వార్డూ పంచాయతీ మనిషిని ఏం చేస్తాయో నేను పుస్తకాల్లో చదవలేదు, ఆమెలో చూశాను.

మొదటి ఏడాది అంతా బాబాయే సర్పంచి. మండల ఆఫీసుకి ఇద్దరూ వెళ్లేవారు. ఆఫీసరు బాబాయితో మాట్లాడేవాడు, పిన్ని బల్ల మీద కూర్చునేది, ఎక్కడ చెబితే అక్కడ సంతకం పెట్టేది. ఊళ్లో బోరు పాడైతే జనం బాబాయి కోసం వచ్చేవారు. పిన్ని లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చేది. రెండో ఏడు వేసవిలో బోరింగు పని బిల్లు వచ్చింది. చెయ్యని పనికి ఆమె చేత సంతకం పెట్టించబోయారు. ఆమెకు ఎస్టిమేటు చదవడం రాదు, ఎం-బుక్ అంటే ఏమిటో తెలీదు. కానీ ఆ బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడేది తనే. పైపు మార్చలేదని ఆమెకు తెలుసు. సంతకం పెట్టనంది. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. తెల్లారి పంచాయతీ ముద్ర తీసి కొంగున ముడేసుకుంది. మిగతా మూడేళ్లూ ఆ ముడి బాబాయి విప్పలేదు. తీర్మానాల పుస్తకం తనే చదివించుకుని వినేది. ఎజెండాలో లేని సంగతి చర్చకొస్తే ఇది ఎజెండాలో లేదు కదా అని అడిగేది.

అయిదేళ్లు అయ్యేసరికి రిజర్వేషన్ చక్రం తిరిగింది, ఆ ఊరు జనరల్‌కి వెళ్లింది. పిన్నిని మళ్లీ నిలబడమని ఎవరూ అనలేదు. పని నేర్చిన మనిషిని పని నేర్చిన పూటే ఇంటికి పంపే ఆ పద్ధతి మీద నాకు కోపం ఉంది. కానీ ఆమె ఇంటికి వెళ్లినా పాత పిన్నిలా వెళ్లలేదు. వరండాలో అక్కని ఆ ప్రశ్న అడిగింది సర్పంచి చేసిన మనిషే.

జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న పల్లెలకు ఈ బడి ఆలస్యంగా వచ్చింది. 1978 తర్వాత మళ్లీ 2010లో గానీ జార్ఖండ్ పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు జరగలేదు. ముప్పై రెండేళ్లు. వచ్చీ రావడంతోనే సగం సీట్లు స్త్రీలకు ఇచ్చారు. 2015లో, 2022లో మళ్లీ జరిగాయి. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా పరిషత్తు అధ్యక్ష పీఠంలో బులురానీ సింగ్ తర్వాత 2022లో బారీ ముర్ము కూర్చున్నారు. ముఖియా అంటే ఇక్కడ సర్పంచి. ముఖియా పతి అన్న మాట ఇక్కడా ఉంది, అంటే పదవి భార్యది, పెత్తనం భర్తది. పాతకాలపు మానకీ, ముండా, మాఝీ పెద్దరికాలు దాదాపు మగవాళ్లవే. గ్రామసభలో ఆడదాని మాట నిలబడాలంటే ఇంకా చాలా దూరం ఉంది. అయినా జిల్లా అంతటికీ స్త్రీ అధ్యక్షురాలు ఉన్న చోట, ఆ జిల్లా ముఖ్యపట్టణంలో ఒక్క వీధికి కూడా స్త్రీ మెంబరు లేదు. పల్లెకున్న హక్కు పట్నానికి లేని చోట్లు దేశంలో ఎక్కువ ఉండవు.

మా పిన్ని సర్పంచి అయిన ఆ 1995లోనే, ఖర్కాయ్ అవతల గమ్హరియా దగ్గర ఒక గ్రామంలో ఛుట్నీ మహతో అనే ఇల్లాలిని మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించారు. ఆమె తప్పించుకుని బయటపడింది. ఆ తర్వాత తనలా డాయన్ అనిపించుకున్న ఆడవాళ్లను కాపాడటమే పనిగా పెట్టుకుంది. జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ వంటివాళ్లు వెంటపడగా 1999లో బిహార్‌లో ఈ దురాచారం మీద చట్టం వచ్చింది, 2001లో జార్ఖండ్ దాన్ని తనదిగా తీసుకుంది. 2021లో ఛుట్నీ మహతోకి పద్మశ్రీ ప్రకటించారు. ఇంత నాయకత్వం ఉన్న నేల ఇది. ఆ చట్టం గురించి ఆలోచించినప్పుడల్లా ఒక విషయం బాధిస్తుంది. ఆడవాళ్ల ప్రాణాలకు సంబంధించిన ఆ మాటను సభ లోపల ఆడవాళ్లు ఎత్తాల్సింది. బయట్నుంచి తలుపు బాదాల్సి వచ్చింది.

నీళ్ల ట్యాంకరు దగ్గర

మున్సిపాలిటీ అంటే చాలామంది టాటావాళ్లకు భయం. పెద్దమ్మ పక్కింటివాళ్లను కదిపితే చాలు, మున్సిపాలిటీ వచ్చిన ఊళ్లలో చెత్త చూడమంటారు. ఇక్కడ కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి, ఆ నీళ్లు అలాగే తాగొచ్చు అంటారు. నిజమే. మంచి రోడ్డును, వచ్చే నీళ్లను వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ వాదన వినిపించేది ఎప్పుడూ క్వార్టర్ల వరండాల నుంచే. లీజు భూముల సందుల్లో, నదుల ఒడ్డున పుట్టిన 86 బస్తీలు ఉన్నాయి. మాలికానా హక్కు, అంటే సొంతదారు హక్కు ఇస్తామని ప్రతి ఎన్నికలోనూ మాట వస్తుంది, ఎన్నిక అయ్యాక పోతుంది. ఆ బస్తీల్లో వేసవి మధ్యాహ్నం నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు చుట్టూ చూడండి. ఎండలో బిందెలు పట్టుకుని నిలబడిన వాళ్లంతా ఆడవాళ్లే. ట్యాంకరు రాకపోతే వాళ్లు ఎమ్మెల్యే దగ్గరికి పోవాలి, లేకపోతే ఆఫీసరు దగ్గరికి పోవాలి. పక్క సందులో ఉండి, తనూ బిందె పట్టుకునే మెంబరమ్మ వాళ్లకు లేదు.

ఖర్కాయ్ వంతెన దాటితే ఆదిత్యపూర్. అక్కడ నగర పాలక సంస్థ ఉంది, 2018లో వార్డులకు ఎన్నికలు జరిగాయి. వంతెన ఇవతల పనిమనిషిగా చేసి అవతల ఇంటికి వెళ్లే ఆడదానికి కౌన్సిలర్‌ని ఎన్నుకునే హక్కుంది. ఆమె పనిచేసే ఇంటి అమ్మగారికి లేదు. విశాఖలో ఉన్న మా బంధువులైతే 2021లో 98 వార్డులకు ఓటేశారు, మేయరు పీఠం మీద గొలగాని హరి వెంకట కుమారిని చూశారు. 2025లో అవిశ్వాసంతో ఆమె పదవి పోయింది. ఎన్నుకోవడం, నిలదీయడం, దించెయ్యడం కూడా అక్కడి ఆడవాళ్ల అనుభవంలో ఉన్నాయి.

మన తెలుగువాళ్లం ఈ ఊళ్లో సంఘాలు పెట్టుకున్నాం, గుళ్లు కట్టుకున్నాం. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది గానీ చెప్పాలి. శ్రీరామనవమి పానకం కలిపేది ఆడవాళ్లు, కుంకుమార్చనకు వందల్లో కూర్చునేది ఆడవాళ్లు, ఉగాదికి పిల్లలకు పద్యాలు నేర్పేదీ వాళ్లే. కార్యవర్గం పేర్లు చదివే వేళకి వంటగది వైపు గిన్నెలు సర్దుతూ కనబడతారు. నేను చూసిన ప్రతి కార్యవర్గమూ అంతే. ఇక్కడ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, గవర్నరు సంతకం అక్కర్లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఎవరో ఒకరు లేచి ఒక స్త్రీ పేరు ప్రతిపాదిస్తే చాలు. పిన్ని ఈ ఊళ్లో ఉండి ఉంటే ఈపాటికి లేచేది.

2023 సెప్టెంబరులో పార్లమెంటు 106వ సవరణ చేసింది. లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు సీట్లు స్త్రీలకు. జనగణన, దాని తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అమలు. ఇప్పటి లెక్కన జార్ఖండ్‌లో 81కి 27 సీట్లు. ఆ 27 మందిని పార్టీలు ఎక్కణ్నుంచి తెస్తాయి? పల్లెల్లో మూడు విడతల ముఖియాలు, వార్డు మెంబర్లు, జిల్లా పరిషత్తు సభ్యురాళ్లు తయారై ఉన్నారు. జంషెడ్‌పూర్ నుంచి అడిగితే ఎవరున్నారు? మళ్లీ ఫలానా ఇంటి కోడలు, ఫలానా ఆయన భార్య. 2011 లెక్కల్లోనే ఆరు లక్షలు దాటిన పట్టణం ఇది. చుట్టుపక్కలతో కలిపి 13 లక్షల పైమాట. బచేంద్రీ పాల్‌కి కొలువిచ్చి ఆమె చేత కొండలెక్కడం నేర్పించిన ఊరు. ఇక్కడి గృహిణి ప్రేమలతా అగర్వాల్ 48 ఏళ్ల వయసులో, 2011లో ఎవరెస్టు ఎక్కింది. ఆడవాళ్లకు చేతకాదని ఈ ఊరు ఎన్నడూ అనలేదు. వీధి దీపం గురించి నిర్ణయించే కుర్చీ మాత్రం చూపించలేదు.

కిందటి చలికాలంలో పెద్దమ్మకి ఒకసారి రాయిరంగ్‌పూర్ చూడాలనిపించింది. ద్రౌపదమ్మ ఊరు కదా అంది. కారు మాట్లాడుకుని వెళ్లాం. హాతా దాటాక టీ కోసం ఓ పంచాయతీ భవనం దగ్గర ఆగాం. పసుపు రంగు గోడ మీద నల్లటి అక్షరాలతో హిందీలో పేర్లు రాసి ఉన్నాయి. పైన ముఖియా పేరు, కింద వరసగా వార్డు సభ్యుల పేర్లు. పెద్దమ్మకి హిందీ చదవడం వచ్చు, కళ్లజోడు తేలేదు. చదవమంది. చదివాను. దేవి, సర్దార్, ముర్ము, మహతో. ఎక్కువ పేర్లు ఆడవాళ్లవే.

"ఇందర్నీ ఈళ్లే ఎన్నుకున్నారా?"

"వీళ్లే, పెద్దమ్మా. ఇక్కడ ప్రతి వార్డుకీ ఓటుంటుంది."

కొంగు తల మీదికి లాక్కుని గోడ దగ్గరికి నడిచింది. పేర్ల మీద వేలు పెట్టి మెల్లిగా కిందకి జరుపుకుంటూ లెక్కపెట్టింది. మధ్యలో లెక్క తప్పి మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది. డ్రైవరు హారను కొట్టాడు. కాస్తాగమని చెయ్యెత్తి, చివరి పేరు దాకా లెక్కపెట్టే వచ్చింది.